గుర్రానికి దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది

మూడో తొట్టి దగ్గర కూడా బాదం మూతి తడుపుకోలేదు.

నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి. పక్కన ఇంకో గుర్రం గటగటా తాగుతోంది. మావాడు మాత్రం తల పైకెత్తి, చెవులు నిక్కబొడుచుకుని, ముందు వెళ్లిపోతున్న గుర్రాల వైపే చూస్తున్నాడు. అప్పటికే పదిహేను మైళ్లు వచ్చేశాం. మెడంతా చెమట, జీను అంచున తెల్లటి నురగ. నాకు కంగారు మొదలైంది. సంచిలోంచి ఎలక్ట్రోలైట్స్ సిరంజి తీసి వాడి నోట్లో కొట్టేశాను. ఉప్పు తగిలితే దాహం వేస్తుంది కదా, తర్వాతి తొట్టి దగ్గర తాగుతాడు కదా అని నా లాజిక్.

ఆ లాజిక్‌లో బగ్ ఉంది. మామూలుగా నా బగ్స్ వల్ల ఎవరికో ఓ పేజీ లోడ్ కాదు, అంతే. ఈసారి ఒక ప్రాణం మీదికి తెచ్చింది.

బాదం నిజానికి నా గుర్రం కాదు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో నా ఉద్యోగం. రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని నడుము పట్టేస్తోందని గుర్రపు స్వారీ నేర్చుకోవడానికి వెళ్లాను. అక్కడ ఓ డెబ్బై ఏళ్ల పెద్దావిడ పరిచయమైంది. ఆవిడ దగ్గర ఉన్న అరబ్ జాతి గుర్రాల్లో ఒకదాన్ని నాకు లీజుకిచ్చింది. కాగితాల మీద వాడికి నోరు తిరగని పెద్ద పేరు ఉంది. రంగు చూసి నేను బాదం అని పిలవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆవిడ కూడా ‘బడామ్’ అంటోంది.

ఆవిడే నన్ను ఎండ్యూరెన్స్ రైడింగ్‌లోకి లాగింది. మీలో చాలామందికి గుర్రప్పందెం అంటే మలక్‌పేట రేస్‌కోర్సే గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు. కొండలు, అడవులు, వాగులు దాటుతూ 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు, ఒకే రోజులో ఒకే గుర్రం మీద వెళ్లాలి. 12 గంటల టైమ్. మధ్యలో వెట్ చెక్స్ ఉంటాయి. పశువైద్యులు గుర్రాన్ని పరీక్షించి ‘సరే, వెళ్లొచ్చు’ అంటేనే ముందుకి. వెళ్లొద్దంటే ఆ రోజుకి అయిపోయినట్టే. అమెరికాలో ఈ రైడ్స్‌ని చూసే ఏఈఆర్‌సీ అనే సంస్థ 1972లో మొదలైంది. పూర్తి చేయడమే గెలుపు అన్నది వాళ్ల నినాదం. చివర్లో కూడా గుర్రం ఇంకా నడవగలిగే స్థితిలో ఉందని వెట్ ఒప్పుకోవాలి. లేదంటే గీత దాటినా లెక్కలోకి రాదు.

చాలామంది రైడర్లకు క్రూ ఉంటుంది. భర్తో, కూతురో, స్నేహితులో వెట్ చెక్ దగ్గర బకెట్లతో, స్పంజీలతో, గడ్డితో రెడీగా నిలబడతారు. నా మొదటి 25 మైళ్ల రైడ్‌కి పెద్దావిడే క్రూ. 50 మైళ్ల రైడ్‌కి వచ్చేసరికి ఆవిడకు తుంటి ఆపరేషన్ అయింది. నా రూమ్మేట్‌కి గుర్రమంటే భయం. సరే, ఒక్కదాన్నే వెళ్లొస్తానన్నాను. ‘నీళ్లు చూసుకో’ అని మాత్రం చెప్పిందావిడ. నీళ్లు తీసుకెళ్లమని అనుకున్నాను నేను. రెండు బాటిళ్లు ఎక్స్‌ట్రా పెట్టుకున్నాను!

వెట్ స్టెత్ తీయలేదు

25వ మైలు దగ్గర వెట్ చెక్. అక్కడికి చేరాక అరగంటలోపు గుర్రం గుండె వేగం నిమిషానికి 60కి దిగాలి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి అది 30, 40 మధ్య ఉంటుంది. బాదంది 72. నీళ్లు పోశాను, నీడలో నిలబెట్టాను. 68. ఇంకో పది నిమిషాలకీ 68. అరగంట అయిపోయింది.

డొక్క దగ్గర స్టెత్ పెట్టిన వెట్ చాలాసేపు దాన్ని తీయలేదు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం పొట్టలో ఎప్పుడూ గుడగుడలు వినిపిస్తూ ఉండాలి. వాడి పొట్ట దాదాపు నిశ్శబ్దంగా ఉంది. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. రాలేదు. భుజం దగ్గర చర్మం పట్టి లాగి వదిలితే మడత అలాగే నిలబడిపోయింది.

మమ్మల్ని రైడ్ నుంచి తప్పించారు. ఈ ఆటలో దాన్ని ‘పుల్’ అంటారు. గంటలోపే బాదం ముందుకాలితో నేల గీకడం, తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం మొదలుపెట్టాడు. గుర్రాలకు కడుపునొప్పి వస్తే చేసేది ఇదే. దాన్ని కోలిక్ అంటారు. ముదిరితే చచ్చిపోతాయి. ట్రీట్‌మెంట్ టెంట్‌లో మెడ నరానికి సెలైన్ ఎక్కించారు. మనుషుల బాటిళ్లు కావు, ఒక్కోటి 5 లీటర్ల సంచి. మూడో సంచి సగానికి వచ్చాక వాడు పక్కనున్న గడ్డి వైపు మూతి చాచాడు. నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చేశాను.

పెద్దావిడకి ఫోన్ చేసి చెప్పాను. తిట్టలేదు. ‘నీళ్లు తాగకముందే ఉప్పు ఇచ్చావా?’ అని మాత్రం అడిగింది.

మన చెమట వేరు, వాళ్ల చెమట వేరు

తర్వాత రెండు వారాలు ఆఫీసు పని తక్కువ, గుర్రాల శరీరధర్మం చదవడం ఎక్కువ. అసలు విషయం అప్పుడు అర్థమైంది.

మన చెమటలో నీళ్లు ఎక్కువ, ఉప్పు తక్కువ. అందుకే చెమట పట్టిన కొద్దీ ఒంట్లో మిగిలిన రక్తం చిక్కబడి ఉప్పదనం పెరుగుతుంది. మెదడు దాన్ని పసిగట్టి ‘దాహం’ అని అలర్ట్ కొడుతుంది. గుర్రం చెమట అలా కాదు. దాని ఉప్పదనం రక్తంతో సమానంగానో, ఇంకాస్త ఎక్కువగానో ఉంటుంది. నీళ్లూ ఉప్పూ జంటగా బయటికి పోతాయి. ఒంట్లో లీటర్ల కొద్దీ తగ్గిపోతున్నా రక్తంలో ఉప్పు శాతం పెద్దగా మారదు. కాబట్టి అలర్ట్ రాదు. సర్వర్‌లో డిస్క్ ఖాళీ అయిపోతోంది, డాష్‌బోర్డు మాత్రం పచ్చగానే ఉంది. మొదటి పదిహేను, ఇరవై మైళ్లు చాలా గుర్రాలు నీళ్ల వైపు చూడకపోవడానికి ఇదొక కారణం. కొత్త చోటు, చుట్టూ గుర్రాలు అన్న హుషారు ఇంకో కారణం.

మరి ఉప్పు ఇస్తే దాహం వేయాలి కదా? వేస్తుంది. కానీ నీళ్లు లేని పొట్టలోకి చిక్కటి ఉప్పు వెళ్తే, దాన్ని పలచన చేయడానికి శరీరం రక్తంలోంచే నీళ్లు తీసి పేగుల్లోకి పంపిస్తుంది. అసలే తగ్గిపోయిన రక్తం ఇంకా తగ్గుతుంది. నేను చేసింది అదే. ఎలక్ట్రోలైట్స్ చెడ్డవేం కాదు. పోయిన సోడియం, క్లోరైడ్, పొటాషియం తిరిగి రావాల్సిందే. కాకపోతే గుర్రం బాగా తాగాక ఇవ్వాలి, ఇచ్చాక మళ్లీ నీళ్లు అందుబాటులో ఉండాలి. మోతాదు ఎంతన్నది ఒక్కో గుర్రానికి ఒక్కోలా ఉంటుంది. అది వెట్‌ని అడిగి తెలుసుకోవాల్సిందే, నా మాట వినకండి.

ఇక లెక్క చూడండి. ఎండలో గట్టిగా పనిచేసే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమట పోయగలదు. మన ఇళ్లకి వచ్చే వాటర్ క్యాన్ 20 లీటర్లు. రెండు గంటల్లో ఒక క్యాన్ ఆవిరైపోయిందనుకోండి. నా రెండు బాటిళ్లు దాని ముందు ఎంత? గుర్రం మీద గుర్రానికి సరిపడా నీళ్లు మోయలేం. క్రూ ఉన్నా కూడా దారంతా క్రూ ఉండదు. ఈ ఆటకి తలమానికం టెవిస్ కప్. 1955లో మొదలైంది. టాహో సరస్సు దగ్గర నుంచి ఆబర్న్ దాకా 100 మైళ్లు, 24 గంటలు. అందులో రాబిన్‌సన్ ఫ్లాట్, ఫారెస్ట్‌హిల్ అనే రెండు చోట్ల గంటేసి విశ్రాంతి ఉంటుంది. క్రూ కలిసేది అక్కడే. ఆ రెండింటి మధ్య ఉడికిపోయే లోయల్లో గుర్రం, రైడర్, అంతే.

అయితే గుర్రం తన ట్యాంకు తనే మోసుకెళ్తుంది. దాని పెద్దపేగు భాగం చాలా పెద్దది. తిన్న గడ్డిలోని పీచు అక్కడ స్పంజిలా నీళ్లనీ లవణాలనీ పట్టి ఉంచుతుంది. దారిలో ఒంట్లో నీళ్లు తగ్గితే అక్కడి నుంచి అందుతాయి. ఆ ట్యాంకు నిండేది ముందురోజు రాత్రి. నేను ఆ రాత్రి చేసింది నా సాక్సులు సర్దుకోవడం.

రెండో ప్రయత్నం

నాలుగు నెలలు బాదంని ఏ రైడ్‌కీ తీసుకెళ్లలేదు. వారాంతాల్లో దగ్గరి కొండల్లోకి వెళ్లి, దారిలో ఎక్కడ నీళ్లు కనిపిస్తే అక్కడ ఆగేవాళ్లం. వాగు, గుంట, ఎవరో పెట్టిన రబ్బరు తొట్టి, ఏదైనా సరే. తాగినా తాగకపోయినా రెండు నిమిషాలు పగ్గం వదులు చేసి నిలబడాలి. మొదట్లో వాడికి విసుగు, నాకు ఇంకా విసుగు. మూడో వారానికి నీళ్లు కనిపిస్తే వాడే ఆగడం మొదలుపెట్టాడు. ఇంకోటి కూడా తెలిసింది. వాడికి మెరిసే శుభ్రమైన నీళ్లకంటే బురద గుంటలంటేనే ఇష్టం. మనం మురికి అనుకునేది వాళ్లకి రుచేమో. పట్నం కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసనకి మూతి ముడుచుకునే గుర్రాలూ ఉన్నాయి. అందుకే రైడ్‌కి వెళ్లేటప్పుడు ట్రైలర్‌లో ఇంటి నీళ్లే తీసుకెళ్లాను.

ముందురోజు సాయంత్రం క్యాంపుకి చేరగానే వాడి ముందు గడ్డి, పక్కన రెండు నీలం బకెట్లు. ఇంట్లో వాడేవే. గడ్డిని కూడా నీళ్లలో ముంచి పెట్టాను. ఎండుగడ్డిలో నీళ్లు పదో వంతే ఉంటాయి, తడిపితే తినే ప్రతి పోచతోనూ నీళ్లు లోపలికి వెళ్తాయి. దానికి తోడు కుడితి. మన ఊళ్లో గేదెలకు పెట్టే కుడితే అనుకోండి, కాకపోతే ఇక్కడ చక్కెర తీసేసిన బీట్ దుంపల పిప్పిని నానబెట్టి చేస్తారు. ఎండు పిప్పి నానితే బాగా ఉబ్బి బోలెడు నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లు ముట్టని గుర్రం కూడా ఆ జావని జుర్రుకుంటుంది. బకెట్ లోపల టేపుతో గీత పెట్టాను. రాత్రంతా ఎంత తాగాడో పొద్దున్నే తెలియాలి కదా.

దూరంగా ఉన్న వెట్ చెక్‌కి మన బ్యాగుల్ని నిర్వాహకుల ట్రక్కే చేరుస్తుంది. క్రూ లేనివాళ్లకి ఆ బ్యాగే క్రూ. నేను సర్దినవి చెప్తాను: మడతపెట్టే బకెట్లు రెండు, పెద్ద స్పంజి, గడ్డి, క్యారెట్లు, రాత్రే నానబెట్టి గడ్డకట్టించిన కుడితి. తడి కుడితిని మామూలుగా పెడితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఐస్ గడ్డలా పంపిస్తే నేను చేరేసరికి కరిగి చల్లగా ఉంటుంది. ఈ ఐడియా నాదే, కాస్త గర్వపడనివ్వండి. నాకోసం పులిహోర ఒక డబ్బా.

జీనుకి ఇంకో స్పంజి, పొడవాటి తాడుతో. వాగు దాటేటప్పుడు దిగకుండానే దాన్ని నీళ్లలోకి విసిరి, లాగి, గుర్రం మెడ మీద పిండొచ్చు. ఇది ఏదో ముచ్చట కోసం కాదు. బయట నుంచి చల్లబరిస్తే లోపలి నుంచి చెమట అంత పోయాల్సిన పని ఉండదు. మెడ, రొమ్ము, కాళ్ల మధ్య నరాలు తేలే చోట పిండాలి. తాగే తొట్టిలో మాత్రం స్పంజి ముంచకూడదు. ఆ ఉప్పు చెమట కలిసిన నీళ్లు వెనక వచ్చే గుర్రం తాగదు. అలాగే పక్క గుర్రం తాగుతుంటే దాన్ని వదిలేసి వెళ్లిపోకూడదు. తోటి గుర్రం వెళ్తోందని అది తాగడం ఆపేస్తుంది. మొదటి రైడ్‌లో మాకు జరిగింది ఇదే. అయినా వాళ్లని తప్పు పట్టను. కాసేపు ఆగమని అడగాలని నాకూ తెలియదు.

ఈసారి ఆలస్యంగా బయల్దేరాను. గుంపు మొత్తం వెళ్లాక, పది నిమిషాలు ఆగి. ముందెవరూ కనిపించకపోతే బాదంకి తొందరుండదు.

గుర్రం నీళ్లు మింగేటప్పుడు ఒక్కో గుటకకి చెవులు వెనక్కీ ముందుకీ ఊగుతాయి. పైన కూర్చుని లెక్కపెట్టొచ్చు. నేను లెక్కపెట్టి ఫోన్‌లో రాసుకున్నాను. ఆరో మైలు: సున్నా. పదకొండో మైలు: నాలుగు. పద్నాలుగో మైలు దగ్గర వాగు, మోకాళ్లదాకా దిగి నిలబడ్డాం. ముప్ఫై ఒకటి! అక్కడే కాసేపు గట్టు మీద పచ్చగడ్డి మేయనిచ్చాను. పచ్చగడ్డిలో ముప్పావు వంతు పైగా నీళ్లే. అప్పుడు, తాగాక, సగం సిరంజి ఎలక్ట్రోలైట్స్.

వెట్ చెక్‌లో నాకు రెండే చేతులు, కాబట్టి వరుస ముందే అనుకున్నాను. దిగగానే జీను బెల్టు వదులు చేయడం, తొట్టి దగ్గర తాగనివ్వడం, మెడ మీద నీళ్లు పోయడం, పల్స్ చూపించడం. తర్వాతే మిగతావి. ఏడు నిమిషాల్లో 60. పొట్టలో గుడగుడలు నాకే వినిపించాయి. వెట్ కార్డు మీద దాదాపు అన్నీ ‘ఏ’లే. కుడితి బకెట్ మొత్తం నాకేశాడు. నేను పులిహోర నిలబడే తిన్నాను.

అంతా సాఫీగా అయిపోయిందని చెప్పాలనే ఉంది. 38వ మైలు దగ్గర తొట్టి ఎండిపోయింది. అడుగున బురద, అంతే. ముందు వెళ్లినవాళ్ల గుర్రాలు తాగేశాయి, నింపే ట్రక్కు ఇంకా రాలేదు. మధ్యాహ్నం రెండున్నర, నీడ లేదు. మ్యాప్ ప్రకారం తర్వాతి నీళ్లు మూడు మైళ్ల దూరంలో. కింద లోయలో వాగు చప్పుడు వినిపిస్తోంది, కానీ దిగే దారి లేదు.

నా దగ్గర ఒక లీటరు ఉంది. దాన్ని వాడికి తాగించాలనిపించింది. కానీ 450 కిలోల జంతువుకి లీటరు ఏ మూలకి? రెండు గుక్కలు నేను తాగి, మిగతాది స్పంజితో వాడి మెడ మీద పిండాను. దిగి, పగ్గం పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. నా బరువు లేకపోతే వాడి పని తగ్గుతుంది, పని తగ్గితే చెమట తగ్గుతుంది. ఎలక్ట్రోలైట్స్ ఇవ్వాల్సిన టైమ్ అదే. సిరంజి ముట్టుకోలేదు. వందడుగులకోసారి చిగురు నొక్కి చూశాను. రెండు సెకన్లు దాటితే అక్కడే ఆగిపోయి నిర్వాహకులకి ఫోన్ చేయాలని ముందే తీర్మానించుకున్నాను. రైడ్ పోతే పోనీ. ఆ మూడు మైళ్లు గంటకి పైగా పట్టాయి. నా బూట్లలో రెండు బొబ్బలు.

నీళ్ల వాసన నాకంటే వాడికి ముందు తెలిసింది. చివరి మలుపు నుంచి వాడే నన్ను లాక్కెళ్లాడు. గుటకలు లెక్కపెడుతూ యాభై దగ్గర తప్పిపోయాను.

11 గంటల 20 నిమిషాలు. చివరి నుంచి మూడో స్థానం. వెట్ చర్మం లాగి చూసి, పొట్ట విని, అటూ ఇటూ ట్రాట్ చేయించి సంతకం పెట్టింది. పెద్దావిడకి ఫొటో పంపితే తిరిగి ఒకటే మెసేజ్: ‘మూత్రం పోశాడా?’ పోశాడు, లేత రంగులోనే. అది కూడా ఫొటో తీసి పంపానంటే మీరు నవ్వుతారు.

రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచాను. రైడ్ అయిపోయాక కూడా ఈ గుర్రాల ఒంట్లో లోటు గంటల తరబడి పూడుతూనే ఉంటుంది. బకెట్‌లో నీళ్లు టేపు గీతకి జానెడు కిందికి దిగి ఉన్నాయి. బాదం గడ్డి నములుతూ నావైపు తిరిగి కూడా చూడలేదు.

మనకి అప్పుడు మధ్యాహ్నం రెండున్నర కదా, నాన్నకి ఫోన్ చేశాను. మా తాతయ్య తెనాలిలో జట్కా తోలేవాడు. ఇంటికొచ్చాక చెమట పూర్తిగా ఆరేదాకా గుర్రానికి చుక్క నీళ్లు పెట్టేవాడు కాదట, కడుపునొప్పి వస్తుందని. ఇక్కడి పాతకాలం వాళ్లూ అదే నమ్మేవాళ్లు. ఇప్పుడు వెట్‌లే చెమటతో ఉన్న గుర్రాన్ని తాగినంత తాగనివ్వమంటున్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ముందు ఎండ భయంతో గుర్రాల మీద చాలా పరిశోధన జరిగింది. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోయకూడదన్న భయం కూడా అప్పటితో చాలావరకు పోయింది. ఇదంతా నాన్నకి ఇదివరకే రెండుసార్లు చెప్పాను.

“అమ్మలూ, గుర్రం ఎలా ఉంది? నీళ్లు తాగిందా?”

“తాగాడు నాన్నా. రాత్రి నుంచి రెండు బకెట్లు.”

“చెమట ఆరాకే పెట్టావు కదా?”